ఇంటివాళ్లు ఇచ్చిన బొమ్మలు

రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో అడుగుపెట్టినవాళ్లు ముందు వయసు లెక్క వేసుకుంటారు. 1897 మార్చి 8న పుట్టిన మనిషి 1925 ఫిబ్రవరి 6న మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. వెనక మిగిల్చినవి 34 తైలవర్ణ చిత్రాలు, 129 నీటిరంగుల చిత్రాలు, 250 పెన్సిల్ బొమ్మలు, 28 స్కెచ్ పుస్తకాలు. బొంబాయిలో చదువు ముగించుకుని వచ్చాక ఆయనకు దొరికింది నాలుగైదేళ్లే. అంత తక్కువ కాలంలో అంత పని ఎలా చేశారా అని అందరం చెప్పుకుంటాం. నాకు అంతకంటే గొప్పగా తోచే సంగతి ఇంకొకటుంది. ఆ బొమ్మలు చెల్లాచెదురు కాకుండా, ఆయన పుట్టిన ఊళ్లోనే, ఎవరైనా వెళ్లి చూడగలిగే చోట నిలిచి ఉన్నాయి.

రామారావు పోయి నూరేళ్లు నిండాయని తెస్తున్న ఈ ప్రత్యేక సంచికలో ఆయన రేఖ గురించి, రంగుల గురించి రాసేవాళ్లు ఉంటారు. నాది నర్సీపట్నం. మన్యానికి వాకిలి లాంటి ఊరు. అక్కడి నుంచి చూసేవాడికి ఈ గ్యాలరీ చరిత్రలో పైకి కనబడేది ఇచ్చినవాళ్ల కథ. బొమ్మల్ని, ప్రింట్లని, ఫొటోలని సొంతవాళ్లు పదిమందికీ ఇచ్చేయడం ఎంత పెద్ద పనో ఈ గ్యాలరీ చూస్తే తెలుస్తుంది.

రామారావు చేతిలోని విద్యను ముందుగా గుర్తుపట్టినవారు ఆస్వాల్డ్ కూల్డ్రే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా వచ్చిన ఈ దొర స్వయంగా బొమ్మలు వేసేవారు, పుస్తకాలు రాసేవారు. అడివి బాపిరాజు ఆయన నీడలోనే ఎదిగారు. 1916లో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరడం వెనక ఆయన ప్రోత్సాహం ఉంది. 1919లో కూల్డ్రే ఇంగ్లండు వెళ్లిపోయారు. మరుసటి ఏడు రామారావు చదువు పూర్తిచేసుకుని తిరిగొచ్చారు. బొంబాయిలోనే ఉండిపోయి పేరు సంపాదించుకోవచ్చు, చాలామంది చేసింది అదే. ఈయన మాత్రం గోదావరి గట్టున బడి పెట్టారు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ ఆయనతోపాటు కుంచె పట్టారు. వరదా వెంకటరత్నం లాంటి మిత్రులు చుట్టూ చేరారు. ఇంట్లో వంటపని, బడిలో బొమ్మల పని ఒకే గొడుగు కింద సాగిన రోజులవి.

అంతలో మశూచి వచ్చింది. ఆ ఇంటి పరిస్థితి ఒక్కసారి ఊహించండి. వయసులో ఉన్న భార్య. గోడల నిండా బొమ్మలు. బొమ్మలకు గిరాకీ లేదా అంటే ఉంది. కలకత్తా ప్రదర్శనలో మెప్పు పొందిన చేయి అది, 1924లో లండను వెంబ్లీ ప్రదర్శనకు బొమ్మలు పంపిన చేయి. తూర్పు కనుమల్లో గోదావరిని చిత్రించిన ఆయన బొమ్మను నాటి వైస్రాయి లార్డ్ రీడింగ్ కొనుక్కున్నారని ఆయన జీవిత కథల్లో చెబుతారు. ఒక్కొక్కటే అమ్ముకుంటూ పోతే కొన్నేళ్లు ఇల్లు గడిచేది, ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆ ఇల్లు ఆ దారి పట్టలేదు. ఇంటివాళ్లు, మిత్రులు కలిసి బొమ్మలన్నిటినీ ఒక్కచోట నిలిపారు. వరదా వెంకటరత్నం బడిని నడిపించారు. ఆయన దగ్గర నేర్చుకున్న మాదేటి రాజాజీ లాంటివారు ఆ విద్యను ముందు తరానికి అందించారు. గ్యాలరీ బాధ్యత తర్వాత రాష్ట్ర ప్రభుత్వానికి చేరింది. ఈ నాలుగు వాక్యాల్లో ఎన్ని వానాకాలాలు, ఎన్ని గోదావరి వరదలు, ఎన్ని చెదపురుగులు, ఎన్ని అద్దె బాకీలు దాగి ఉంటాయో పాత కాగితాలు దాచిన ఇంటివాళ్లకే తెలుస్తుంది.

గ్యాలరీకి వెళ్లినవాళ్లు ‘సిద్ధార్థ రాగోదయం’ ముందు ఎక్కువసేపు నిలబడతారు, నిలబడాలి కూడా. సిద్ధార్థుడి మనసు యశోధర మీదికి మళ్లిన ఘడియ అది. నా మనసు మాత్రం స్కెచ్ పుస్తకాల మీద ఉంటుంది. తైలవర్ణ చిత్రాన్ని జమీందారు కొంటాడు, వైస్రాయి కొంటాడు. స్కెచ్ పుస్తకాన్ని ఎవరు కొంటారు? సగం గీసి వదిలేసిన చేయి, ముఖం లేని నడుము, రెండుసార్లు దిద్దిన కొప్పు, పక్క పేజీలో ఎద్దు మెడ. పనివాడి ఆలోచన ఎటు నడిచి ఎక్కడ ఆగిందో కనబడేది అక్కడే. బజారులో వాటికి ధర లేదు కాబట్టి అవి బతికితే ఇంటివాళ్ల చేతుల్లోనే బతకాలి. రామారావు స్కెచ్ పుస్తకాలు బతికాయంటే ఆ చేతులు వాటిని పాత కాగితాలుగా చూడలేదని అర్థం.

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. రామారావు పుట్టిన ఏడే, 1897లో, పాండ్రంగిలో అల్లూరి సీతారామరాజు పుట్టారు. ఆయన తండ్రి వెంకట రామరాజు ఫొటోగ్రాఫరు. బతుకుతెరువు కోసం కాపురం పెట్టింది రాజమండ్రిలోనే. అక్కడి సెంట్రల్ జైలుకు ఫొటోలు తీసింది ఆయనే అంటారు. 1908లో చనిపోయారు. అంటే ఒకే ఊళ్లో, ఒకే ఈడు పిల్లలు ఇద్దరు. ఒకరు బొమ్మలు గీస్తూ పెరిగారు, మరొకరు కెమెరా ఉన్న ఇంట్లో పెరిగారు. ఒకరు తూర్పు కనుమల్ని కాగితం మీదికి తెచ్చారు, మరొకరు ఆ కనుమల్లోకే వెళ్లిపోయారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో పోరు మొదలైంది. ఆ సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర చనిపోయిన బ్రిటిష్ అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ల సమాధులు మా నర్సీపట్నంలో ఉన్నాయి. సర్కారు బలగాలకు ఆనాడు స్థావరం మా ఊరే. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజు నేలకొరిగారు. భౌతికకాయాన్ని కృష్ణదేవిపేటకు తెచ్చారు. అప్పుడు తీసిన ఫొటో మన పుస్తకాల్లో పదేపదే అచ్చయింది. మంచానికి కట్టిన ఆ దేహం ఫొటో చూడని మన్యం మనిషి ఉండడు. తొమ్మిది నెలలకు రామారావు పోయారు.

ఫొటోగ్రాఫరు కొడుకు జనం కళ్లకు ఎక్కువగా ఎలా మిగిలాడో చూడండి. చంపినవాళ్ల పక్షాన ఉన్న కెమెరాలో మిగిలాడు. ఊరూరా నిలబెట్టిన విగ్రహాల ముఖాలు శిల్పులు ఊహించుకున్నవి, తర్వాత 1974 నాటి సినిమా ఆ ఊహకు ఇంకో ముఖం ఇచ్చింది. అటుపక్క, కొండకు ఇవతల పుట్టిన చిత్రకారుడి పెన్సిల్ గీతలు సైతం భద్రంగా ఉన్నాయి. ఈ తేడా నన్ను ఏళ్లుగా బాధపెడుతోంది. తేడా అంతా ప్రతిభలో లేదు, అదృష్టంలోనూ లేదు. ఒక ఇంట్లో దాచి ఇచ్చేవాళ్లు ఉన్నారు.

ఆ రోజుల ఫొటో అంటే గాజు పలక. దాని మీద వెండి ఉప్పు కలిపిన జిలటిన్ పూత. స్టూడియో యజమాని పోతే వారసుల చేతికి వచ్చేది గాజు పలకల పెట్టెలు. బరువు ఎక్కువ, పగిలిపోతాయి, చోటు పట్టేస్తాయి. దేశం నలుమూలలా ఎన్నో స్టూడియోల్లో పూత గీకేసి గాజును పటాలకు, కిటికీలకు వాడుకున్నారు. ఫిల్ములు వచ్చాక వాటిలోని వెండి కోసం పాత నెగెటివ్‌లను తూకానికి అమ్మేశారు. ఒక పెట్టె గాజు పలకలంటే ఒక తాలూకా జనాభా పెళ్లిళ్లు, సంతలు, బళ్లు, అధికారుల ముఖాలు. అదంతా బూడిదలోకో, అద్దాల దుకాణంలోకో పోయింది.

ఇలా పోకుండా నిలిచినవాటికి పెద్ద ఉదాహరణ మన హైదరాబాదుదే. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరైన రాజా దీన్ దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు నెగెటివ్‌లను వంశంవాళ్లు తరాలపాటు కాపాడుతూ వచ్చారు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 2,857 నెగెటివ్‌లను సేకరించుకుంది. చార్మినార్, ఫలక్‌నుమా, నిజాం వేట శిబిరాలు, ఆ కాలపు పరదాలు, తలపాగాలు ఈరోజు పరిశోధకుడికి కనబడుతున్నాయంటే ఎనభై నాలుగేళ్లు ఆ కుటుంబం బరువు మోసింది కనుకే.

ప్రింట్ల సంగతి కొంచెం వేరు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో, అంటే రామారావు పోయిన ఏడు, పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతనంలో నందలాల్ బోస్ దగ్గర చదివి, పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ స్టూడియో అటెలియే 17లో చేరి, లోహపు పలక మీద ప్రపంచమంతా నేర్చుకునే పద్ధతి ఒకటి స్థిరపరిచారు. పలకను ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన, ఇంకోచోట మధ్యస్తంగా చెక్కుతారు. సిరాల్లో నూనె పాళ్లు మారుస్తారు. గట్టి రోలరు పైమట్టానికే సిరా రాస్తుంది, మెత్తటి రోలరు లోతుల్లోకి దిగుతుంది. పల్చటి సిరా మీద చిక్కటి సిరా నిలవదు, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అలా ఒకే పలక, ఒకే ఒత్తుడులో రంగులన్నీ వేరువేరుగా కాగితం మీదికి వస్తాయి. అలాంటి ప్రింటు చేతికి వస్తే కింది అంచు చూడండి. ఎడమ మూలన పెన్సిలుతో ఒక భిన్నం రాసి ఉంటుంది, కుడి మూలన సంతకం. యాభైలో ఏడోది, వందలో పన్నెండోది అన్నమాట. బొమ్మ చుట్టూ వేలితో తడిమితే పలక అంచు కాగితంలో దిగిన గుర్తు తగులుతుంది.

ఇన్ని ప్రతులు ఉంటాయి కాబట్టి ప్రింటును ఇవ్వడం చిత్రకారుడికి చేతనైన దానం. ఒకటి అమ్ముకోవచ్చు, ఒకటి తన ఊరి మ్యూజియానికి ఇవ్వవచ్చు. సేకరించేవాళ్లకూ అంతే. అమెరికాలో లెసింగ్ రోజెన్‌వాల్డ్ అనే వ్యాపారి 1943 నుంచి మొదలుపెట్టి వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి దాదాపు 22,000 ప్రింట్లు, డ్రాయింగులు ఇచ్చారు. ఆ దేశపు సామాన్య విద్యార్థి ఈరోజు రెంబ్రాంట్ ఎచింగు చూడాలంటే అడిగి చూడగలగడం ఇలాంటి ఇచ్చేవాళ్ల చలవే.

అంత దూరం పోనక్కరలేదు. హైదరాబాదు హిమాయత్‌నగర్‌లో జగదీశ్ మిట్టల్, కమల మిట్టల్ దంపతులు చేసింది చూస్తే చాలు. ఆయనా 1925లోనే పుట్టారు, ఆయనదీ శాంతినికేతనమే. ఇద్దరూ చిత్రకారులు. లక్షాధికారులు కారు. 1950ల మొదట్లో హైదరాబాదు వచ్చి స్థిరపడి, జేబులో ఉన్నంతలో కొంటూ, ఎవరూ లక్ష్యపెట్టని డ్రాయింగులు, సూక్ష్మచిత్రాలు, బిద్రీ పని, నేతలు పోగుచేశారు. 1976లో మొత్తం ట్రస్టు కింద మ్యూజియానికి ఇచ్చేశారు. 1625 నాటిదిగా గుర్తించిన తెలంగాణ పటచిత్రం అక్కడ ఉంది. చేర్యాల నకాశీ చిత్రకారుల చేతిపనికి నాలుగు వందల ఏళ్ల వంశవృక్షం ఉందని కళ్లకు కట్టే పటం అది. ఎవరో ఒకరు సరైన వేళ కొనిపెట్టి, తర్వాత ఇచ్చి ఉండకపోతే అది ఏ విదేశీ డ్రాయింగు రూములోనో వేలాడేది. జగదీశ్ మిట్టల్ 2025 జనవరిలో తొంభై తొమ్మిదేళ్ల వయసులో పోయారు. ఆయన తనకంటూ దాచుకోలేదు.

దామెర్ల గ్యాలరీకి, మిట్టల్ మ్యూజియానికి నడుమ ఒక పోలిక ఉంది. రెండు చోట్లా ఇచ్చింది డబ్బున్నవాళ్లు కాదు. రెండు చోట్లా భార్యల పేర్లు సమానంగా చెప్పుకోవాలి. రెండు చోట్లా ఇచ్చింది గంపగుత్తగా. విడివిడిగా చూస్తే ఒక పెన్సిల్ గీత విలువ ఎంత? 250 కలిపి చూస్తే ఒక చిత్రకారుడు కనబడతాడు.

ఇప్పుడు నా అభ్యర్థన. నర్సీపట్నం, చింతపల్లి, కొయ్యూరు, గూడెం ఇళ్లలో పాత ఫొటోలున్నాయి. దళసరి అట్ట మీద అతికించి, కింద బంగారు రంగులో స్టూడియో పేరు అచ్చు వేసినవి, అంచులు పసుపు తిరిగి, నల్లటి చోట వెండి మెరుపు తేలినవి. బళ్లలో మాస్టార్లు చెక్కించిన లినో బ్లాకులున్నాయి, నాటక సమాజాల అచ్చు పోస్టర్లున్నాయి. వాటి యజమానుల్లో చాలామందికి డెబ్బై దాటింది. పిల్లలు బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉన్నారు. ఇల్లు ఖాళీ చేసే రోజు వస్తే ముందు పోయేది వాటిని దాచిన రేకు పెట్టె. ఆ రోజు రాకముందే వాటిని ఏదైనా సంస్థకు ఇవ్వండి.

ఇచ్చేవాళ్లకు తెలియాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఫొటోను లామినేషన్ చేయించకండి, సెల్లో టేపు వేయకండి, తడిగుడ్డతో తుడవకండి. వెనకవైపు మెత్తటి పెన్సిలుతో ఎవరు, ఎక్కడ, సుమారు ఏ ఏడు అన్నది రాయండి. పెన్ను వద్దు, సిరా ఇవతలికి దిగుతుంది. తెలియని పేరు ఊహించి రాయకండి. గుంపు ఫొటో అయితే విడి కాగితం మీద వరుసలు గీసి, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి పేర్లు నింపండి. పెట్టెలో ఏ ఫొటో పక్కన ఏది ఉందో ఆ వరుస చెడగొట్టకండి, ఆ వరుసే చాలాసార్లు తేదీ చెబుతుంది. తీసుకునే సంస్థ ఏదైనా దానపత్రం రాయించుకోండి. రిజిస్టరులో ఎక్కించిన నంబరు అడిగి తీసుకోండి. ఆ నంబరు లేని వస్తువు సంస్థలో ఉన్నా లేనట్టే. కాగితం ఇవ్వడం వేరు, అచ్చు వేసుకునే హక్కు ఇవ్వడం వేరు. రెండోది ఎవరి దగ్గర ఉంటుందో పత్రంలో స్పష్టంగా ఉండాలి. ఏడాది పొడుగునా గోడకు వేలాడదీయమని పట్టుపట్టకండి, వెలుతురు కాగితాన్ని తినేస్తుంది. అడిగినవాళ్లకు తీసి చూపించాలని మాత్రం షరతు పెట్టండి. నకలు ఒకటి మా ఊరి గ్రంథాలయంలో ఉంచమని కూడా రాయించండి. రాజమండ్రి దాకా వెళ్లలేని కొండ పిల్లలు అక్కడికి వస్తారు.