మహాజనీ

‘మహాజనులారా’ అంటే మనకు సభకు వచ్చిన జనం. 1884లో పుట్టిన మద్రాసు మహాజన సభ పేరులోనూ అదే ధ్వని. ఉత్తరాదిన మహాజన్ అంటే వడ్డీకి అప్పిచ్చే షావుకారు. ఆయన లెక్కలు రాసుకున్న లిపి మహాజనీ.

హైదరాబాద్ బేగం బజార్ మార్వాడీ కుటుంబాల వంశచరిత్ర వెతికేవారికి పాత బహీఖాతాల్లో (లెక్కల పుస్తకాల్లో) ఈ లిపి ఎదురుకావచ్చు. చేతివేగం కోసం అచ్చుల గుర్తులు చాలావరకు వదిలేసేవారు. ‘కాకా అజ్మీర్ గయే’ (బాబాయి అజ్మీర్ వెళ్లాడు) అన్న ఉత్తరాన్ని ‘కాకా ఆజ్ మర్ గయే’ (బాబాయి ఇవాళ చనిపోయాడు) అని చదివి ఇల్లంతా ఏడ్చిందని పాత చమత్కారం.

అదే వెతుకులాటలో నిజాం సర్కారు కాగితాలు చూడాలంటే మరో చదువు కావాలి: 1880ల దాకా ఫార్సీ, ఆపైన ఉర్దూ. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అవి ఉంటాయి. బహీలకైతే లిపితోపాటు ఆ ఇంటి పేర్లూ ఊర్లూ తెలిసిన పెద్దలు పక్కనుండాలి.