‘బంజరు’ అనే తీర్పు: ఉద్దానం తీరపు బీల, తంపర భూములు – ఒక నైతిక చర్చ

1. ప్రవేశిక

ఒక నేలను వర్ణించే పదమే ఆ నేలపై తీర్పు కాగలదా? సమకాలీన నీతిశాస్త్రంలో ఇది ముఖ్యమైన ప్రశ్న. బెర్నార్డ్ విలియమ్స్ 1985లో వెలువరించిన ‘ఎథిక్స్ అండ్ ద లిమిట్స్ ఆఫ్ ఫిలాసఫీ’లో ధైర్యం, క్రూరత్వం వంటి మాటలు వర్ణనను, విలువను విడదీయరానంతగా కలిపి చెబుతాయని వివరించాడు. వీటిని తెలుగులో సాంద్ర భావనలు అనవచ్చు. శ్రీకాకుళం జిల్లా థర్మల్ విద్యుత్ కేంద్రాల వివాదంలో ‘బంజరు’ ఇటువంటి భావనగానే పనిచేసిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. చారిత్రక నేపథ్యం

ఉద్దానం అనగానే జీడి, కొబ్బరి, పనస తోటలు గుర్తుకు వస్తాయి. ఆ తోటలను ఆనుకొని నీటి నేలలు కూడా ఉన్నాయి. పలాసకు ఉత్తరాన సోంపేట ప్రాంతంలో వాటిని బీల అంటారు. పూండికి దక్షిణాన నౌపడ, సంతబొమ్మాళి వైపు ఉన్నవి తంపర భూములు. చేపల వేట, పశువుల మేత, పొలాలకు నీరు వీటితో ముడిపడి ఉన్నాయి. తేలినీలాపురానికి ఏటా వచ్చే వలస పక్షులకు ఈ ప్రాంతపు చిత్తడి నేలలే ఆహార క్షేత్రాలు.

సోంపేట బీలలోను, కాకరాపల్లి తంపరలోను ఒక్కొక్కటి 2640 మెగావాట్ల సామర్థ్యంతో థర్మల్ కేంద్రాలను ప్రతిపాదించారు. 2010 జూలై 14న సోంపేటలో పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దుచేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగి ప్రాణనష్టం సంభవించింది.

3. లెక్కకు ముందే తీర్పు

ఈ వివాదాన్ని సాధారణంగా ఉపయోగితావాదానికి, హక్కుల వాదానికి మధ్య పోటీగా చూస్తారు. కోట్లమందికి విద్యుత్తు అందుతున్నప్పుడు కొన్ని గ్రామాల నష్టం సహించదగినదేనన్నది మొదటి వాదం. సమాజమంతటి సంక్షేమం పేరుతోనైనా వ్యక్తికి న్యాయం నిరాకరించరాదని జాన్ రాల్స్ 1971లోనే దీనికి సమాధానం చెప్పాడు.

అయితే ఈ రెండు వాదాలకూ ముందు మరొక అంచె ఉంది. నేలను నిరుపయోగమని పేర్కొన్న క్షణంలోనే దానినుండి అందే మేత, చేప, నీరు లెక్కలోనుండి తప్పుకుంటాయి. అప్పుడు నష్టం వైపు సున్నా మిగులుతుంది. కనుక ఇక్కడ ఉపయోగితావాదం ఓడిపోయిందనడం సరికాదు. దాని ప్రమాణాలతోనే చూసినా లెక్క సక్రమంగా జరగలేదు.

ఈ దృష్టికి పాత మూలాలున్నాయి. శ్రమ కలిసిన నేలే ఆస్తి అవుతుందని, సాగులేని నేల వృథా అని జాన్ లాక్ 17వ శతాబ్దంలో వాదించాడు. వలసపాలన రెవెన్యూ వ్యవస్థ కూడా శిస్తు రాని నేలను బంజరు, పోరంబోకు వర్గాలలో చేర్చింది. పట్టా లేకుండా అందరూ కలిసి వాడుకునే నేలకు ఆ చిట్టాలో విలువ కనిపించదు.

4. ఒక ఆక్షేపణ

‘బీల’, ‘తంపర’ కూడా విలువను మోసే మాటలే కదా, వాటినే ఎందుకు నమ్మాలి? ఈ ఆక్షేపణ బలమైనది. విద్యుత్తు అవసరం నిజం. ఉద్దానం నుండి పనికోసం వలసపోయే కుటుంబాల ఉపాధి అవసరమూ నిజమే. బీల వినియోగంలో మత్స్యకారులకు, రైతులకు దక్కే వాటా సమానమని కూడా చెప్పలేము. అయినా రెండు పదజాలాల మధ్య ఒక భేదం ఉంది. స్థానిక పదాలు వాడుకలను పేర్కొంటాయి. వాటిని పరిశీలించి ఖండించవచ్చు. ‘బంజరు’ ఆ పరిశీలనకే అవకాశం లేకుండా చేస్తుంది.

5. ముగింపు

అమర్త్యసేన్ ‘ద ఐడియా ఆఫ్ జస్టిస్’ (2009)లో నీతిని సంస్థలు, నియమాల సక్రమతగాను, న్యాయాన్ని మనుషుల జీవితాలలో వాస్తవంగా జరిగేదిగాను వేరుచేశాడు. ఉద్దానం అనుభవం ఆ భేదానికి ఒక చేర్పు చేస్తుంది. న్యాయ విచారణ లాభనష్టాల తూకంతో మొదలుకాదు. తూకంలో వేయవలసినవాటికి ఎవరు, ఏ భాషలో పేరు పెట్టారన్న ప్రశ్నతో మొదలవుతుంది. ఆ ప్రశ్నను అడగడంలో మాండలిక పదకోశాల అధ్యయనానికి, అంటే తెలుగు పరిశోధనకు, నైతికమైన బాధ్యత ఉంది.