జానెడు నేల: కామారెడ్డిగూడెం బందగీ పొలం నేర్పే పాఠం

సర్వస్తోత్రాలూ సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శుభాలూ శాంతీ వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ముందుగా నా ఆత్మకు, ఆ పిదప మీకు దైవభీతిని గురించి హితబోధ చేస్తున్నాను. హిజ్రీ 10వ సంవత్సరంలో, వీడ్కోలు హజ్ సందర్భంగా దైవప్రవక్త (సఅసం) ప్రజలందరి ఎదుట ఒక ప్రకటన చేశారు. ఆ దినం, ఆ మాసం, ఆ నగరం ఎంత పవిత్రమైనవో మీ ప్రాణాలు, మీ ఆస్తులు, మీ గౌరవ మర్యాదలు పరస్పరం అంత పవిత్రమైనవని ఆయన తెలియజేశారు. ప్రాణం పక్కనే ఆస్తిని నిలిపారన్న సంగతి గమనించండి. ఆస్తి మీద చెయ్యి వేసినవాడు ప్రాణం మీద చెయ్యి వేయడానికి ఎంతో దూరంలో ఉండడు. ఈ సత్యానికి మన తెలంగాణ గడ్డ మీదే ఒక సాక్ష్యం ఉంది. ఈనాటి ప్రసంగంలో దానిని స్మరించుకుందాం.

బోరబండలో నివసిస్తున్న మనలో ఎన్నో కుటుంబాల మూలాలు పల్లెల్లోనే ఉన్నాయి. మన తాతలు నాగలి పట్టినవారు, కౌలు చేసినవారు, కూలికి పోయినవారు. భూమిని గురించి వారు పలికిన మాటలను ఒక్కసారి చెవియొగ్గి వినండి. కౌలు, ఇనాం, ఖరీఫ్, రబీ – ఇవన్నీ అరబీ నుండి వచ్చి తెలుగు పొలంలో వేళ్లూనుకున్న మాటలే. కౌలు అంటే మాట, ఇచ్చిన మాట. రైతు అన్న పదం కూడా అరబీ ‘రఅయ్యత్’ నుండి వచ్చినదే. ఒకరి సంరక్షణలో, ఒకరి పూచీలో ఉన్నవారు అని దాని అర్థం. మీలో ప్రతి ఒక్కరూ కాపరులే, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి ప్రతి ఒక్కరూ ప్రశ్నించబడతారు అని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించిన హదీసులో ఉన్నది ఈ పదమే. కాబట్టి ఒక మనిషిని రైతు అని పిలిచిన ప్రతి పాలకుడూ, తెలిసో తెలియకో, తాను అతనికి జవాబుదారీనని ఒప్పుకున్నట్లే.

ఆ జవాబుదారీని ఇస్లాం తొలి తరం ఎలా నెరవేర్చింది? హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ స్వాధీనమైనప్పుడు అక్కడి యూద రైతులను ప్రవక్త (సఅసం) వారి తోటల్లోనే ఉండనిచ్చారు. పంటలో సగం వారికి, సగం ముస్లిములకు అని ఒప్పందం కుదిరింది. పంటను అంచనా కట్టడానికి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ రవాహా (రజి) వెళ్లినప్పుడు, లెక్క తగ్గించమని కోరుతూ వారు తమ స్త్రీల నగలను పోగుచేసి ఆయన ముందు పెట్టారు. ఆయన ఆ లంచాన్ని నిరాకరించారు. వారిపట్ల తన మనసులో ఎలాంటి భావమున్నా అది అన్యాయానికి దారి తీయబోదని స్పష్టం చేశారు. ఇటువంటి న్యాయం మీదే భూమ్యాకాశాలు నిలిచి ఉన్నాయని ఆ రైతులే ఒప్పుకున్నారు.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో ఇరాక్‌లోని సారవంతమైన నేలలు స్వాధీనమైనప్పుడు, వాటిని సైనికులకు పంచమని ఒత్తిడి వచ్చింది. ఆయన పంచలేదు. దున్నుతున్నవారి చేతుల్లోనే ఉంచి, శిస్తు మాత్రం నిర్ణయించారు. భూమిని కొలిపించిన ఆ ఖలీఫా, తాను హత్యకు గురికావడానికి కొద్దిరోజుల ముందు, ఆ పని చూసిన అధికారులను పిలిచి అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆ నేల మోయలేనంత భారం దానిపై మోపలేదు కదా?

సోదరులారా! ఇప్పుడు మన నేలకు వద్దాం. హైదరాబాద్ రాజ్యంలో దాదాపు అరవై శాతం భూమి దివానీ, అంటే ప్రభుత్వ శిస్తుకు లోబడినది. సుమారు ముప్పై శాతం జాగీర్లు. దాదాపు పది శాతం నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన సర్ఫెఖాస్. 1853లో ప్రధాని అయిన మొదటి సాలార్‌జంగ్, శిస్తు వసూలును గుత్తకిచ్చే పాత పద్ధతిని తొలగించి, ప్రభుత్వమే నేరుగా వసూలు చేసే ఏర్పాటు చేశారు. 1865లో జిల్లాలు ఏర్పడ్డాయి. అంతవరకూ శిస్తు వసూలు చేసిన దేశ్‌ముఖ్‌లకు పరిహారంగా ఏటా రుసుం చెల్లించసాగారు. సంస్కరణ ఉద్దేశం మంచిదే. కానీ ఊళ్లో కాగితం ఎవరి చేతిలో ఉన్నదో వారిదే పైచేయి అయింది. భూముల సర్వే, బందోబస్తు జరిగినప్పుడు తరతరాలుగా రైతులు సాగుచేస్తున్న వేలాది ఎకరాలు దేశ్‌ముఖ్‌ల పేర్ల మీద నమోదయ్యాయి. చదువు రాని రైతుకు ఆ సంగతి తెలిసేనాటికి అతడు సొంత పొలంలోనే కౌలుదారుగా మారిపోయాడు. ఆపైన వెట్టి చాకిరి తోడైంది.

నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఆధీనంలో దాదాపు అరవై గ్రామాలు, నలభై వేల ఎకరాలు ఉండేవని చరిత్రకారులు రాశారు. ఆ తాలూకాలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే సామాన్య ముస్లిం రైతు ఉండేవాడు. ఆయన పొలంపై తగాదా మొదట దాయాదుల మధ్యనే పుట్టింది. పంచుకు తినవలసిన నెత్తురు సంబంధంలో చీలిక వచ్చింది. ఆ చీలికలోంచి దేశ్‌ముఖ్ లోపలికి వచ్చాడు. అవతలి పక్షానికి అతని అండ దొరికింది. ఆ ప్రాంతంలో దొర మాటకు ఎదురు చెప్పడమంటే ఊరు విడిచిపోవడానికి సిద్ధపడటమే. బందగీ ఊరు విడవలేదు, కర్ర ఎత్తలేదు. న్యాయస్థానానికి వెళ్లాడు. ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగాడు. చివరికి తీర్పు ఆయన పక్షానే వచ్చింది.

నలభై వేల ఎకరాలు ఉన్నవాడికి ఒక పేద రైతు చెలక ఎంత? అయినా ఆ ఓటమిని దేశ్‌ముఖ్ సహించలేకపోయాడు. 1940ల తొలినాళ్లలో దేశ్‌ముఖ్ మనుషులు బందగీని దారికాచి చంపారు. పొలం గెలిచిన మనిషి ఆ పొలంలో పంట చూసుకోలేకపోయాడు. ఆ తరువాత పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేసిన పంటను అదే దేశ్‌ముఖ్ నుండి కాపాడుకోవడానికి నిలబడింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు ఒరిగాడు. సాయుధ పోరాటం రగిలింది. బందగీ జీవితం నుండే ప్రేరణ పొంది సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ‘మాభూమి’ నాటకం రాశారు. తెలుగునాట ఊరూరా ఆ ముస్లిం రైతు పేరు మారుమోగింది.

ఈ గాథలో మనం తప్పించుకోలేని రెండు చేదు నిజాలు ఉన్నాయి.

మొదటిది: ఆనాడు రాజ్యాన్ని ఏలినవాడు ముస్లిం. కోర్టు భాష ఉర్దూ. అయినా తన పొలం కోసం న్యాయమడిగిన ఒక ముస్లిం రైతు ప్రాణాన్ని ఆ రాజ్యం కాపాడలేకపోయింది. దొరలకు దొరలే తోడు, పేదకు పేదే తోడు అన్నట్లుగా, ఆయన మరణానికి కన్నీరు పెట్టి, ఆయన పేరు చెప్పుకుని లేచి నిలబడినవారిలో అత్యధికులు ముస్లిమేతర రైతులు, చేతివృత్తులవారు. దౌర్జన్యానికి మతం లేదు. పాలకుడి పేరు చూసి అల్లాహ్ ఏ రాజ్యాన్నీ నిలబెట్టడు. జాగీర్దార్లలో నమాజు చేసేవారూ ఉన్నారు. కానీ రఅయ్యత్‌ను గురించి అడగబడతామన్న మాటను ఎంతమంది గుర్తుంచుకున్నారు? 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే దళిత కుటుంబాల కోసం భూమి అడిగినప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. పేరు అదే, జిల్లా అదే. ఒకరు చెలక కోసం ప్రాణం తీయించిన మనిషిగా, మరొకరు నూరెకరాలు విడిచిన మనిషిగా చరిత్రలో మిగిలారు.

రెండవ నిజం మన ఇంటికి ఇంకా దగ్గరిది: బందగీ పొలంలోకి దేశ్‌ముఖ్‌కు దారి ఇచ్చింది దాయాదుల తగాదాయే. ఈనాడు దేశ్‌ముఖ్‌లు లేరు. కానీ ఆ దారి మూసుకుపోయిందా? 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుండి ఈ చుట్టుపక్కల నేల విలువ ఎలా పెరిగిందో మీ కళ్లతో చూశారు. తండ్రి అరవై గజాలు కొని రేకుల ఇల్లు వేసుకున్న రోజున అన్నదమ్ముల మధ్య మాట తేడా రాలేదు. ఆ అరవై గజాలకు లక్షలు పలికిన రోజున ఒకే తల్లి పాలు తాగినవారు పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కుతున్నారు. పల్లెలో ఉన్న పెద్దన్న తండ్రి పొలాన్ని తన ఒక్కడి పాసుపుస్తకంలోకి ఎక్కించుకుంటాడు. పట్నంలో ఉన్న తమ్ముడు తండ్రి ఇంటిని తనదే అంటాడు. పండుగకు వచ్చిన చెల్లెలికి చీర పెట్టి, నీ పెళ్లికి ఖర్చు పెట్టాం కదమ్మా అని కాగితం మీద సంతకం తీసుకుంటాడు. ఆమె పుట్టింటి గడప తనకు మూసుకుపోతుందన్న భయంతో సంతకం పెడుతుంది. భయంతో పెట్టిన ఆ సంతకాన్ని మనం సమ్మతి అని పిలుచుకుంటున్నాం!

ఆస్తి కొద్దిదైనా గొప్పదైనా అందులో పురుషులకు వాటా ఉన్నట్లే స్త్రీలకూ వాటా ఉందని, అది నిర్ణయించబడిన వాటా అని దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 7వ ఆయత్ తెలుపుతోంది. నిర్ణయించినవాడు అల్లాహ్. పెళ్లి ఖర్చు లెక్కగట్టి దానిని రద్దు చేసే అధికారం ఏ అన్నకూ లేదు.

అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూముల పొర చుట్టబడుతుందని ప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఈ హదీసును హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) ఉల్లేఖించిన సందర్భం గమనించదగినది. అర్వా అనే స్త్రీ, ఆయన తన నేల ఆక్రమించాడని మదీనా పాలకుడు మర్వాన్ వద్ద ఫిర్యాదు చేసింది. ఈ మాట ప్రవక్త నోట విన్న తరువాత కూడా నేనా పని చేస్తానా అని ఆయన బాధపడి, ఆ నేలను ఆమెకే వదిలివేశారు. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరైన ఆ సహచరుడు జానెడు నేల విషయంలో అంతగా భయపడ్డారు.

మరొక సంఘటనను హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తెలియజేశారు. వారసత్వపు ఆస్తిపై తగవుపడిన ఇద్దరు ప్రవక్త (సఅసం) వద్దకు వచ్చారు. ఇద్దరి దగ్గరా సాక్ష్యం లేదు. నేనూ మనిషినే, మీలో ఒకరు వాదించడంలో నేర్పరి కావచ్చు, విన్నదానిని బట్టి సోదరుడి హక్కును నేను పొరపాటున ఎవరికైనా ఇస్తే అతడికి నేను ఇచ్చింది అగ్నిముక్క అని ప్రవక్త (సఅసం) అన్నారు. ఆ మాట విని ఇద్దరూ ఏడ్చారు. నా హక్కు నీకే అని ఒకరితో ఒకరు అన్నారు. అప్పుడు ఆయన, న్యాయం వెతికి పంచుకోండి, చీటీ వేసుకోండి, ఆ తరువాత ఒకరినొకరు క్షమించుకోండి అని మార్గం చూపారు.

సోదరులారా! పాత పహాణీలు పోయాయి. 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన పొలం మనది కాదని సర్వే నాటి రైతుల చరిత్ర చెబుతోంది. కోర్టులో గెలిచినంత మాత్రాన హలాల్ కాదని ఈ హదీసు చెబుతోంది. కనుక ఈ వారమే ఒక పని చేయండి. తండ్రి పోయి ఏళ్లు గడిచినా పంపకం జరగని ఇల్లు మీదైతే, అక్కచెల్లెళ్లను పిలిచి కూర్చోబెట్టండి. ఉన్న కాగితాలన్నీ వారి ముందు పరచండి. ఆలిమ్‌ను అడిగి వాటాలు రాయించండి, చట్ట ప్రకారం నమోదు చేయించండి. వాటా చేతికి అందిన తరువాత చెల్లెలు తన ఇష్టంతో తిరిగి ఇస్తే అది కానుక. అంతకు ముందు తీసుకున్నది ఆక్రమణే.

ఓ అల్లాహ్! దారికాచి చంపబడిన పీడితులందరికీ నీ వద్ద న్యాయం ప్రసాదించు. మా కడుపుల్లోకి అన్యాయపు జానెడు నేల కూడా చేరకుండా కాపాడు. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల హృదయాలను కలుపు. ఆమీన్.