ఏనుగ శ్రీనివాసులురెడ్డిగారి సంకలన కృషి

చరిత్రకు శాసనములు, తామ్రపత్రములు మాత్రమే ఆధారములు కావు. నాయకులు సభలలో పలికిన పలుకులును ఆధారములే. ఆ పలుకులను అచ్చువేయుటయే నేరమైన దేశమున అవి నిలుచుట యెట్లు? దక్షిణాఫ్రికా చరిత్రలో ఈ ప్రశ్న పుట్టినది. దానికి కృషిచే సమాధానము చెప్పినవారిలో ఒక ఆంధ్రుడుండుట గమనింపదగినది.

1860 నవంబరు 16న మద్రాసు కూలీలతో 'ట్రూరో' నౌక డర్బను రేవు చేరెను. 1911 వరకు నెటాలునకు పోయిన భారతీయ కూలీలు సుమారు 1,52,000. అందు అధికసంఖ్యాకులు మద్రాసు రాజధానిలోని తమిళ, తెలుగు జిల్లాలవారు. తొప్పూరు నాడు చేరియుండిన సేలము జిల్లాయు ఆ రాజధానిలోనిదే.

అచటి భారతీయుల నాయకులలో డాక్టరు జి. ఎం. నాయకరుగారు ముఖ్యులు. వారు 1945లో నెటాలు ఇండియన్ కాంగ్రెసు అధ్యక్షులై, 1946లో సత్యాగ్రహము నడిపి చెరసాల కేగిరి. 1947 మార్చి 9న ఆఫ్రికనుల నాయకులైన డాక్టరు క్సూమాగారితోను, డాక్టరు దాదూగారితోను కలిసి ఐకమత్యపు ఒడంబడికపై చేవ్రాలు చేసిరి. 1962 నాటి శాసనము నిషిద్ధనాయకుల మాటల ప్రచురణను నేరముగా నిర్ణయించెను.

1924లో జన్మించిన రెడ్డిగారు 1949లో ఐక్యరాజ్యసమితి కొలువున చేరిరి. 1963లో జాతివివక్షా వ్యతిరేక ప్రత్యేకసంఘమునకు కార్యదర్శులైరి. 1985లో ఉద్యోగవిరమణానంతరము చెదరిన ప్రసంగములను, వ్యాసములను, లేఖలను కూర్చుటకు పూనుకొనిరి. 1990 ఫిబ్రవరి 2న ఉద్యమసంస్థలపై నిషేధము తొలగగా, 1991లో లుతూలీ, దాదూ, నాయకరుగార్ల సంపుటములు వెలువడెను. నాయకరుగారి సంపుటము 1945 మొదలు 1963 వరకు గల ప్రసంగములతో డర్బనులోనే అచ్చయినది.

ఇట్టి సంపుటముల ప్రయోజనమేమి? విజయానంతరము జనులు తమ నాయకులకు ఆదినుండియు సంపూర్ణ దూరదృష్టి నాపాదింతురు. తేదీతో కూడిన ప్రసంగము అట్లు చేయనీయదు. 1946 సత్యాగ్రహము ఆసియావాసుల భూమిహక్కులను హరించు శాసనముపై భారతీయులు సాగించినది. 1952 నాటి శాసనోల్లంఘనము ఆఫ్రికనులు, భారతీయులు కలిసి నడిపినది. ఈ మార్పు ఏ యేట, ఏ వాదముతో కలిగెనో నాటి మాటలయందే వెదకవలెను.

2000లో పద్మశ్రీ పొందిన రెడ్డిగారు 2020 నవంబరు 1న దివంగతులైరి. ఆంధ్రదేశమునకు వెలుపల తెలుగు నిలుపుకొనువారికి ఈ కృషి ఒక పాఠము: పెద్దల మాటను తేదీవేసి వ్రాసి దాచనిచో, తరువాతి తరమునకు మిగులునది చరిత్ర కాదు, వదంతి.