పొత్తు విడిపోయిన తర్వాత: ఒక కరారు కథ

పొత్తు వ్యాపారం మన సమాజానికి కొత్త కాదు. అయితే పొత్తు ఎలా కుదిరిందో చెప్పే ఆధారాల కన్నా, ఎలా చెడిందో చెప్పే ఆధారాలే చరిత్రకారులకు ఎక్కువగా దొరుకుతాయి. సఖ్యంగా ఉన్నన్నాళ్లు మాట చాలు. విడిపోయిన నాడే కాగితం కావలసివస్తుంది. ఈ వ్యాసంలో అలాంటి ఒక కాగితాన్ని పరిశీలిస్తున్నాము.

అద్దంకి, భాస్కర అనే ఇంటిపేర్లు గల రెండు తెలుగు ఉమ్మడి కుటుంబాలు కలిసి ధాన్యం దంచే మరలు, వేరుశనగ కాయలు వలిచే యంత్రాలు నడిపేవి. చెరొక సగం వాటా. భాగస్వామ్యపు ఆస్తిలో భూములు కూడా ఉండేవి. 1936లో అద్దంకి కుటుంబంలోని వారు భాస్కర కుటుంబ పెద్ద పేర ఒక కరారు రాసిచ్చారు. తమకు రావలసినది ముట్టిందనీ, ఇక భాగస్వామ్యం లేదనీ దాని సారాంశం. ఆ కరారును రిజిస్టరు చేయించలేదు. తగాదా అంతా అక్కడే పుట్టింది.

తర్వాత అద్దంకి వారు కోర్టుకు వెళ్లి, భాగస్వామ్యాన్ని రద్దుచేసి లెక్కలు తేల్చమని కోరారు. అది 1936లోనే ముగిసిందని ప్రతివాదులు కరారును చూపించారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం, నూరు రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తిలో హక్కును వదులుకునే పత్రాన్ని రిజిస్టరు చేయాలి. చేయకపోతే ఆ వదులుకోవడానికి అది సాక్ష్యంగా చెల్లదు. భాగస్వామ్యపు ఆస్తిలో భూములున్నాయి గనుక ఈ కరారు చెల్లదని వాదుల వాదన.

ఇందులోని చిక్కును గమనించాలి. కరారు చెల్లితే భాగస్వామ్యం ఎన్నడో ముగిసినట్లు. ముగిసిన భాగస్వామ్యం లెక్కలు అడగడానికి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లే. చెల్లకపోతే భాగస్వామ్యం ఇంకా సజీవంగా ఉన్నదనీ, సగం వాటా తమదేననీ వాదులు నిలబడవచ్చు. ఒక ముద్ర లేకపోవడం మీద రెండు కుటుంబాల భాగ్యం ఆధారపడి ఉన్నది.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాటి ఈ వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 1966లో జస్టిస్ ముధోల్కర్ తీర్పు రాశారు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టాన్ని ఆధారం చేసుకొని ఆయన ఇలా తేల్చారు: భాగస్వాములు తెచ్చిన ఆస్తి ఏ రకమైనదైనా, వ్యాపారంలో చేరిన తర్వాత అది సంస్థ ఆస్తి. సంస్థ నడుస్తున్నంతకాలం ఏ భాగస్వామీ ఫలానా పొలమో, ఫలానా మరో తనదని చెప్పుకోలేడు. అతనికి దక్కేది లాభంలో వాటా. సంస్థ ముగిస్తే ముందు బయటివారి అప్పులు, పిమ్మట భాగస్వాములు ఇచ్చిన అప్పులు, ఆపైన మూలధనం తీర్చాలి. మిగిలినదే వాటాల ప్రకారం పంపకానికి వస్తుంది. కనుక భాగస్వామి వాటా చరాస్తి. దానిని వదులుకున్న కరారుకు రిజిస్ట్రేషన్ అక్కరలేదు. అప్పీలు కొట్టివేశారు. భాగస్వామి వాటా స్వభావం గురించిన చర్చల్లో నేటికీ ఈ తీర్పును ఉదహరిస్తూనే ఉన్నారు.

తెలుగునాడుకు వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థులకు దీనితో పని ఏమిటి? మొదటిది, భాష. ఇంగ్లీషులో రాసిన ఆ తీర్పులో కూడా 'కరారు' కరారుగానే మిగిలింది. అరబ్బీలో పుట్టి పారశీకం మీదుగా వచ్చిన ఈ మాట కన్నడంలోనూ, మరాఠీలోనూ ఒప్పందం అనే అర్థంలోనే వాడుకలో ఉన్నది. బళ్లారిలోనో, షోలాపూరులోనో పొత్తు కుదుర్చుకున్న తెలుగువారికి ఇరుగుపొరుగు వారితో ఈ మాట ఉమ్మడి సొత్తు.

రెండవది, ఆధారం. పద్దుపుస్తకం లాభనష్టాలను చెబుతుంది. ఎవరు ఎవరిని పెద్దగా ఒప్పుకొని రాశారో, కుటుంబంలో ఎవరెవరు సంతకం చేశారో, ఏది ముట్టిందని అంగీకరించారో చెప్పేది విడిపోయిననాటి పత్రమే. ఈ వ్యాజ్యంలో ఒకవైపు సంతకాలు పెట్టినది ఒక్క కుటుంబ పెద్ద కాదు, పలువురు. ఉమ్మడి కుటుంబం వ్యాపార సంస్థగా ఎలా నడిచిందో తెలుసుకోవడానికి ఇంతకన్నా సూటి ఆధారం అరుదు.

అందువల్ల మీ ఇళ్లలో పాత పెట్టెలు తెరిచినప్పుడు భూమి దస్తావేజులను మాత్రమే దాచి, ముద్రలేని కరారులను చిత్తుకాగితాలని పారవేయకండి. ఆ 1936 నాటి కరారుకూ ముద్ర లేదు; ముప్పై ఏళ్ల తర్వాత దేశపు అత్యున్నత న్యాయస్థానంలో నిలిచినది అదే.