వాడకు తాళం వేసిన నగరం: వెనిస్ ఘెట్టో

వెనిస్ అంటే మనకు గుర్తొచ్చేవి కాలువలు, గొండోలా పడవలు, సెయింట్ మార్క్ చర్చిలోని బంగారు మొజాయిక్‌లు. ఈరోజు అదే నగరంలో ఉత్తరం వైపున్న కన్నారెజో పేటకు వెళ్దాం. అక్కడ చుట్టూ కాలువలున్న ఒక చిన్న దీవి ఉంది. ప్రపంచానికి 'ఘెట్టో' అనే మాటను ఇచ్చింది ఆ దీవే. అంతకుముందు అక్కడ రాగి కరిగించి పోతపోసే కార్ఖానా ఉండేది. పోతపోయడాన్ని ఇటాలియన్‌లో 'గెత్తారే' అంటారు. ఘెట్టో అనే పేరు అందులోంచే వచ్చిందని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు.

1516 మార్చి 29న వెనిస్ సెనేట్ ఒక శాసనం చేసింది. నగరంలోని యూదులంతా ఆ దీవిలోనే ఉండాలి. పొద్దున సెయింట్ మార్క్ గంట మోగితే తలుపులు తీస్తారు, రాత్రికి తాళం వేస్తారు. కాపలావాళ్లు క్రైస్తవులు. రాత్రంతా కాలువల్లో పడవలు గస్తీ తిరుగుతాయి. ఆ కాపలావాళ్ల జీతాలు, పడవల ఖర్చు యూదులే కట్టాలి. జైల్లో పెట్టి, జైలరు జీతం కూడా ఖైదీ దగ్గరే వసూలు చేయడమన్నమాట.

మరి పూర్తిగా ఎందుకు వెళ్లగొట్టలేదు? 1509లో అగ్నాదెల్లో యుద్ధంలో వెనిస్ ఓడిపోయింది. చుట్టుపక్కల ఊళ్ల యూదులు ప్రాణాలు దక్కించుకోవడానికి నగరంలోకి వచ్చారు. పాలకుల ఖజానాకు వాళ్ల పన్నులు కావాలి. పేదలకు తాకట్టు మీద చిన్న అప్పులు కావాలి. మతబోధకులేమో వాళ్లను తరిమేయమంటున్నారు. అందుకే నడిమధ్య దారి దొరికింది: పగలు పనికి కావాలి, రాత్రి పొరుగున ఉండకూడదు. ఈ లెక్క మనకు కొత్తది కాదు కదా?

చేతివృత్తుల సంఘాల్లో వాళ్లకు చోటు లేదు. మిగిలినవి తాకట్టు వ్యాపారం, పాతబట్టల వ్యాపారం, వైద్యం. వైద్యులు మాత్రం క్రైస్తవ రోగుల కోసం రాత్రిళ్లు బయటికి పోవచ్చు. ప్రాణం మీదికొస్తే అంటు అడ్డురాదు! బయట తిరిగేటప్పుడు పసుపు టోపీ పెట్టుకోవాలి. వేరే పని చేయనివ్వకుండా వడ్డీ వ్యాపారంలోకి నెట్టింది చట్టం. తర్వాత 'వడ్డీ పిశాచి' అన్న నింద మాత్రం యూదుల మీద పడింది. షేక్‌స్పియర్ షైలాక్‌ను సృష్టించాడు గానీ, ఆ నాటకంలో ఘెట్టో అన్న మాటే లేదు.

ఇక కట్టడాలకు వద్దాం. ఆ వాడలోకి అడుగుపెడితే మొదట కనిపించేది ఇళ్ల ఎత్తు. ఏడంతస్తులు, ఎనిమిదంతస్తులు. నగరంలో మిగతా పాత ఇళ్లు అంత ఎత్తుండవు. జనం పెరిగారు, స్థలం పెరగలేదు. 17వ శతాబ్దానికి దాదాపు ఐదు వేలమంది అయ్యారు. అందుకే అంతస్తు మీద అంతస్తు వేసి, ఒక్కో గది పైకప్పును చేతికందేంత కిందికి దించారు. సొంత ఇల్లు కొనుక్కునే హక్కు లేదు. యజమానులు క్రైస్తవులు. యూదులు అద్దెకు దిగగానే అద్దె మూడో వంతు పెంచుకోమని శాసనమే వాళ్లకు అనుమతిచ్చింది. వెలివేయడం కూడా ఒక వ్యాపారమే.

అక్కడ ఐదు ప్రార్థనా మందిరాలున్నాయి. మొదటిది 1528లో మొదలైంది. బయటినుంచి చూస్తే అవి మందిరాలని తెలియదు, పై అంతస్తులో వరసగా ఐదు కిటికీలు మాత్రం కనిపిస్తాయి. లోపలికి పోతే బంగారు పూత, చెక్కడం పని. స్పానిష్ యూదుల మందిరాన్ని 17వ శతాబ్దంలో తిరిగి కట్టింది లొంగేనా అని చెబుతారు. గ్రాండ్ కెనాల్ మొదట్లో సలూతే చర్చి గుమ్మటం కట్టింది ఆయనే. అక్కడ ఆయన పనితనం నగరమంతా కనబడాలి, ఇక్కడ గోడ దాటి కనబడకూడదు!

అక్షరానికీ ఇదే గతి. తాల్ముద్ మొత్తం మొదటిసారి అచ్చయింది వెనిస్‌లోనే, 1520–23 మధ్య, బాంబర్గ్ అనే క్రైస్తవుడి ముద్రణాలయంలో. 1553లో ఆ గ్రంథాన్ని సెయింట్ మార్క్ చౌరస్తాలో తగలబెట్టిందీ అదే నగరం. ఘెట్టోలోనే పుట్టిన కవయిత్రి సారా కోపియో సుల్లాం మీద 1621లో ఒక క్రైస్తవ మతాధికారి నింద వేశాడు, ఆమె ఆత్మ అమరత్వాన్ని నమ్మదని. ఆమె ఊరుకోలేదు. అదే ఏడాది తన పేరుతో జవాబు అచ్చువేయించింది.

ఇంత గొప్ప సంస్కృతి పుట్టిందంటే ఘెట్టో అంత చెడ్డదేమీ కాదు అనేవాళ్లున్నారు. డప్పు మోత, గూడెం పాట బాగున్నాయి కాబట్టి గూడెం బాగుందన్నట్టుంటుంది ఈ వాదన. ఆ కళ మనుషులది. ఆ తాళం రాజ్యానిది. రెండింటినీ ఒకే పద్దులో రాయకండి.

1797లో నెపోలియన్ సైన్యం వచ్చాక ఆ తలుపులు పీకి, వాడ నడిబొడ్డున తగలబెట్టారు. అయితే 1938లో ఫాసిస్టు జాతి చట్టాలు వచ్చాయి. 1943 సెప్టెంబరులో జర్మన్లు యూదుల పేర్ల జాబితా అడిగితే, సమాజ పెద్ద, వైద్యుడు జుసెప్పే యోనా జాబితా ఇవ్వలేదు, ప్రాణం తీసుకున్నాడు. అయినా ఏడాదిలోపే రెండు వందలకు పైగా మనుషుల్ని చావు శిబిరాలకు పంపారు. తిరిగొచ్చినవాళ్లు పదిమంది కూడా లేరు.

ఇదంతా మనకెందుకు? అంబేద్కర్ 1948లో తన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో ఊరి బయటి అంటరాని వాడను ఘెట్టో అనే పిలిచారు. వెనిస్ ఘెట్టోకు ఐదు వందల ఏళ్లు నిండిన 2016లోనే, హైదరాబాద్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి గెంటేసిన రోహిత్ వేముల, అతని సహచరులు తాము వేసుకున్న గుడారానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు.

పోలికతో పాటు తేడా కూడా చూడాలి. వెనిస్‌లో బాప్తిస్మం తీసుకున్న యూదుడు ఘెట్టో దాటి బతకొచ్చు. మన దగ్గర బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగలు పల్లెలోనే, గూడెంలోనే ఉన్నారు. చర్చిలు కూడా చాలాచోట్ల వేరువేరే. వెనిస్ తాళానికి ఒక శాసనం, ఒక తేదీ ఉన్నాయి. అందుకే ఒకరోజు తలుపు పీకి తగలబెట్టడం కుదిరింది. మన వాడకు తలుపూ లేదు, కాపలావాడూ లేడు, శాసనం తేదీ కూడా ఎవరికీ తెలియదు. రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది గానీ, పీకడానికి ఎదురుగా తలుపంటూ కనిపించదు.

అందుకే విద్యార్థులకు ఒక పని చెబుతున్నా. ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక కాగితం మీద మీ ఊరి పటం గీయండి. నీళ్ల ట్యాంకు ఎక్కడుంది, సిమెంటు రోడ్డు ఎక్కడ ఆగింది, శ్మశానాలు ఎన్ని, ఏ ఇల్లు ఎవరి పేరున ఉంది, అన్నీ రాయండి. మన ఊరి శాసనం కాగితం మీద దొరకదు, నేల మీదే చదవాలి.

జై భీమ్.