పచ్చబొట్టు సూదికి కులం అంటగట్టారు

కాలేజీలో ఆరోగ్య సదస్సు పెట్టినప్పుడల్లా "పచ్చబొట్టు పొడిపించుకుంటే రోగాలొస్తాయి" అని చెబుతారు. ఆ మాట తప్పు కాదు. దాని వెంటే ఇంకో మాట వస్తుంది: "పాతకాలంలో ఎరుకల వాళ్లు మురికి సూదులతో పొడిచేవాళ్లు." ఆ "మురికి" దగ్గరే నాకు పేచీ.

థర్‌స్టన్ 1909లో అచ్చేసిన ఏడు సంపుటాల్లో కొరవ స్త్రీల పచ్చబొట్టు పని గురించి ఉంది. కొరవలంటే మన ఎరుకలే. పసుపు, అవిసె ఆకు కలిపి నూరి, గుడ్డలో చుట్టి వత్తి చేసి, ఆముదంలో వెలిగించి, పైన బోర్లించిన కుండకు పట్టిన మసిని నీళ్లలోనో చనుబాలలోనో కలిపేవారు. ఆ మసి చర్మం లోపలి పొరలో కూర్చుంటే కాటిదాకా పోదు. మా అమ్మమ్మ ముంజేతి మీది తేలు ముడతల్లో నలిగిందే గానీ చెరగలేదు. ఇంత తెలిసిన మనిషిని మన సాహిత్య చరిత్రలు సోది చెప్పే ఎరుకతగానే గుర్తుపెట్టుకున్నాయి.

1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఊరూరా తిరిగితేనే గడిచే బతుకు మీద వేలిముద్రలు, హాజరు పట్టీలు పడ్డాయి. 1952లో చట్టం పోయింది. అనుమానం పోలేదు.

మరి రోగం సంగతి? ఒకరి నెత్తురు అంటిన సూది మరొకరికి గుచ్చితే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి రావచ్చు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది, కంటికి శుభ్రంగా కనిపించే సూది మీద కూడా. దాని జాడ దొరికింది 1960లలో, సి వైరస్ జాడ 1989లో. సంతలో కూర్చున్న ఎరుకల అవ్వకు తెలియనిది అప్పటి పెద్ద డాక్టర్లకూ తెలియదు.

ఈజిప్టు చూడండి. నత్తల వల్ల వ్యాపించే షిస్టోసోమియాసిస్ జబ్బును తగ్గించడానికి 1950ల నుంచి 1980ల దాకా ప్రభుత్వమే ఊరూరా ఇంజెక్షన్లు వేయించింది. గాజు సిరంజీలు, సరిగా ఉడకని సూదులు, ఒకరి తర్వాత ఒకరు. హెపటైటిస్ సి ప్రపంచంలోనే అత్యధికంగా ఉన్న దేశాల్లో అది ఒకటైంది. చరిత్ర దాన్ని "వైద్యంలో పొరపాటు" అని రాసుకుంది. అదే తప్పు ఎరుకల చేతిలో జరిగితే కులం గుణమైంది!

ఇంకొకటి. నెత్తుటి సూది పట్టుకున్న చేతికి కూడా అది గుచ్చుకుంటుంది. జీవితమంతా పరాయివాళ్ల నెత్తురు తుడిచిన ఆ ఆడవాళ్లలో ఎందరి కాలేయాలు చెడ్డాయో లెక్క రాసినవాళ్లు ఎక్కడ?

మా విద్యార్థులు ఇప్పుడు టాటూ పార్లర్లకు వెళుతున్నారు. వెళ్లండి. సూది ప్యాకెట్ మీ ఎదుటే చింపమనండి. రంగు గిన్నె కూడా మార్చమనండి, ముందు వాడి నెత్తురు అందులోనూ ఉంటుంది. ముక్కు, చెవి కుట్టించుకున్నా ఇంతే. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారో లేదో ఇంట్లో అడగండి. సి కి టీకా లేదు. ఏసీ గదిలో గ్లవ్స్ వేసుకున్న చెయ్యి ఏ కులందైనా సరే, ఇవన్నీ అడగండి.

స్టువర్టుపురం సెటిల్‌మెంట్ గురించి వచ్చే భాగంలో. జై భీమ్.